రాయబార కార్యాలయంలో నిపుణుడు ఎవరి మనిషి?

వానకోయిల: వ్యవసాయానికొకరు, కార్మిక వ్యవహారాలకొకరు, రక్షణకొకరు, సైన్స్‌కొకరు. రాయబార కార్యాలయాల్లో ఇంతమంది నిపుణులు అవసరమా? ఏ విషయాన్నయినా చదివి ఆకళింపు చేసుకోవడం దౌత్యవేత్త పనే కదా. మరీ అవసరమైతే చర్చలు జరిగే వారం నిపుణుణ్ని విమానం ఎక్కిస్తే చాలదా?

పాత ఫైలు: చాలదు. పురుగు కనబడిందని ఓడరేవులో పండ్ల కంటైనర్‌ను ఆపేశారనుకోండి. ధూమీకరణకు, అంటే పురుగు చచ్చేలా మందు పొగ పెట్టడానికి, ఏ మందు, ఎంత మోతాదు, ఎంత ఉష్ణోగ్రత, ఎన్ని గంటలు అనేవి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రంలో ఉంటాయి. గొడవంతా ఆ గడిలోని అంకెల మీదే. దౌత్యవేత్త మర్యాద తప్పకుండా లేఖ రాసేలోగా సరుకు కుళ్ళిపోతుంది. వ్యవసాయ అటాషే, అంటే వ్యవసాయ శాఖ రాయబార కార్యాలయానికి పంపిన నిపుణుడు, అయితే క్వారంటైన్ అధికారికి నేరుగా ఫోను చేస్తాడు: పురుగు ఏ జాతిది, బతికుందా, చచ్చిందా? ఆ చనువు వారం రోజుల అతిథికి దొరకదు. ఫిలిప్పీన్స్ లేబర్ అటాషేలు కూడా తమవారి ఉద్యోగ ఒప్పందాలను పనిచేసే దేశంలోనే సరిచూస్తారు.

ఎదురుగాలి: పండ్ల సంగతి సరే. ఆ అటాషే ప్రమోషన్ ఎవరి చేతిలో ఉంది? సొంత మంత్రిత్వ శాఖ చేతిలో. నివేదికలూ అటే పోతాయి. ఆతిథ్య దేశం పిలిచి సంజాయిషీ అడిగేది మాత్రం రాయబారిని! అటాషేలంటే అనుమానం కొత్తదేమీ కాదు. దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం 7వ అధికరణం సిబ్బంది నియామకంలో పంపే దేశానికి స్వేచ్ఛనిస్తూనే, సైనిక, నౌకా, వైమానిక అటాషేల పేర్లను ముందుగా ఆమోదానికి పంపమని ఆతిథ్య దేశం కోరవచ్చంటుంది.

పాత ఫైలు: పగ్గాలు వదిలేసి గుర్రాన్ని తిడితే ఎలా? అమెరికా 1980 నాటి ఫారిన్ సర్వీస్ చట్టం ప్రకారం, ప్రాంతీయ సైనిక కమాండర్ కింద ఉన్నవారి వంటి కొందరు తప్ప, రాయబారి ఉన్న దేశంలో పనిచేసే అమెరికా కార్యనిర్వాహక శాఖ ఉద్యోగులందరిపైనా అజమాయిషీ రాయబారిదే. వ్యవసాయ శాఖ పంపినవారికీ మినహాయింపు లేదు.

ఎదురుగాలి: అజమాయిషీ అన్న మాట ఒక్కటే ఎవరినీ కదిలించదు. నిపుణుడి వార్షిక పనితీరు నివేదికపై రాయబారి సంతకం తప్పనిసరి చేయాలి. అప్పుడు వింటాడు.

వానకోయిల: వింటాడు, మరీ ఎక్కువగా వింటాడు. పంట బ్రహ్మాండంగా ఉందని ఆతిథ్య ప్రభుత్వం ప్రకటించింది. అటాషే పొలాలు తిరిగి, దిగుబడి తగ్గిందన్నాడు. సంబంధాలు చెడతాయని రాయబారి ముఖం చిట్లిస్తే ఆ అంకె నిలుస్తుందా?

పాత ఫైలు: సంతకం నడవడిక వరకే ఉండాలి. అంచనా నచ్చకపోతే రాయబారి తన అభ్యంతరాన్ని విడిగా రాసి జతచేయవచ్చు. అంకెను మాత్రం ముట్టుకోకూడదు.