అప్‌డేట్: కైరువాన్‌ను సముద్రానికి దూరంగా ఎందుకు కట్టారు?

ట్యునీషియాలోని కైరువాన్ నగరాన్ని తీరంలో కాక, నీటి ఎద్దడి గల మైదానంలో ఎందుకు నిర్మించారని ఇంతకుముందు అడిగాను. మీలో పలువురు సూచించినట్లు ప్రధాన కారణం భద్రతే. క్రీ.శ. 670లో అరబ్ సేనాని ఉక్బా ఇబ్న్ నాఫీ ఇక్కడ సైనిక శిబిరం నెలకొల్పే నాటికి తీరం మీద బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్య నౌకాదళానికి ఇంకా పట్టుంది; తీర నగరమైన కార్తేజ్ అరబ్బులకు శాశ్వతంగా దక్కింది 698లోనే. తర్వాతి కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన, సొంత నౌకాబలం గల ఫాతిమిద్ వంశీయులు 921లో రాజధానిని తీరాన ఉన్న మహ్దియాకు మార్చుకోవడం కూడా ఈ వాదనకు బలమిస్తుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది నీటి ఏర్పాటు. 9వ శతాబ్దంలో ఇక్కడ ఏలిన అగ్లబిద్ వంశ పాలకులు పడమటి కొండల నుంచి కాలువ ద్వారా నీటిని రప్పించి, ముందు చిన్న కొలనులో మట్టి అడుగుకు దిగేలా చేసి, తేరిన నీటిని సుమారు 128 మీటర్ల వ్యాసం గల పెద్ద కొలనులోకి వదిలేవారు. మహామసీదు ప్రాంగణాన్ని సైతం వాలుగా పరిచారు. వాననీరు నడుమనున్న పాలరాతి తూములో దుమ్మును వదిలి నేలకింది తొట్టిలోకి చేరుతుంది. చూడడానికి అలంకారంగా కనిపించే ఆ చెక్కడం నిజానికి వడపోత సాధనమే.

1057లో బనూ హిలాల్ అనే అరబ్ సంచార తెగల దాడితో రాజకీయ ప్రాభవం అంతరించినా, పుణ్యక్షేత్రంగా నగరానికి గౌరవం తగ్గలేదు.