"పర్యావరణ హిత ఆహారం" అని బోర్డు పెట్టాలా, వద్దా?

ప్రశ్న

నమస్కారం. ఒక చిన్న రెస్టారెంటుకు ప్రచారం పనులు చూస్తున్నాను. కూరగాయలు వీలైనంత వరకు రైతుల దగ్గరే నేరుగా కొంటాం. ఏ కాలంలో ఏది పండితే దాన్నిబట్టి వంటకాలు మారుస్తాం. వాడి పారేసే ప్లాస్టిక్ మానేశాం. ఇవన్నీ నిజంగా చేస్తున్న పనులే, కానీ వచ్చేవాళ్లలో చాలామందికి తెలియవు.

ముఖద్వారం మీద "నూరు శాతం పర్యావరణ హిత ఆహారం" అని పెద్ద బోర్డు పెట్టాలని, మెనూలో కొన్ని వంటకాల పక్కన ఆకుపచ్చ ఆకు గుర్తు వేయాలని మా భాగస్వామి పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ మాట చూసి రుచి ఉండదేమో అనుకునేవాళ్లు కొందరు, అందరూ ఇలాగే రాసుకుంటారులే అనుకునేవాళ్లు కొందరు. అలాగని ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, రైతుకు అదనంగా ఇస్తున్న ధరను ఎలా రాబట్టాలి? ఎక్కడ, ఎంత, ఏ మాటల్లో చెప్పాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: సరుకుల కొనుగోలు చూసేవారు

ముందు ఆ ఆకు గుర్తు సంగతి. సొంతంగా గీసుకున్న గుర్తు దయచేసి పెట్టకండి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఆదేశం 2026 సెప్టెంబరు 27 నుంచి అమలు కావాలి. దాని ప్రకారం ధ్రువీకరణ వ్యవస్థ గానీ ప్రభుత్వ సంస్థ గానీ వెనుక లేని సుస్థిరత గుర్తులు, అంటే పర్యావరణానికి మేలని చెప్పే గుర్తులు, వాడకూడదు. రుజువు చూపకుండా "పర్యావరణ హితం" వంటి మాటలూ కుదరవు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా తన 2012 మార్గదర్శకాల్లో ఇలాంటి గంపగుత్త మాటలు వద్దనే చెప్పింది.

ఇంకొకటి. సరఫరాదారు దగ్గర ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన ఆ గుర్తు మీది అయిపోదు. చేపల విషయంలో, సముద్రానికి హాని చేయని వేటను ధ్రువీకరించే మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ నీలి గుర్తు మెనూలో వేయాలంటే, చేప చేతులు మారిన ప్రతి దశతో పాటు రెస్టారెంటుకూ ధ్రువీకరణ ఉండాలి.

జవాబు: మెనూలు రాసేవారు

వంటగదిలో మొదలుపెట్టి మెనూలు రాసే పనిలోకి వచ్చాను. మీ సందేహం సరైనదే. ఆకలితో కూర్చున్న మనిషి మెనూ తెరిచేది రుచి కోసం. మొదటి మాట రుచిదే కావాలి, పర్యావరణం మాట ఆ తర్వాత.

దీనికి గట్టి ఆధారం ఉంది. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాలలో పరిశోధకులు ఒకే కూరగాయను, ఒకే తీరులో వండించి, రోజుకో రకం పేరుతో పెట్టారు. ఒకరోజు వట్టి "బీట్‌రూట్". ఇంకోరోజు ఆరోగ్యాన్ని గుర్తుచేసే పేరు. మరోరోజు మిరప ఘాటు, నిమ్మ పులుపు కలిసిన నోరూరించే పేరు. నోరూరించే పేరు పెట్టిన రోజుల్లో కూరగాయ తీసుకున్నవారు, వట్టి పేరు పెట్టిన రోజులకన్నా 25 శాతం ఎక్కువ. "తక్కువ చక్కెర" తరహా పేర్లతో పోలిస్తే 41 శాతం ఎక్కువ. గిన్నెలో ఉన్నదాంట్లో రవ్వంత తేడా లేదు. అది విశ్వవిద్యాలయ భోజనశాల, మీ దగ్గర అంకెలు వేరుగా ఉండవచ్చు. కానీ "ఇందులో ఇది లేదు, అది తక్కువ" అని మొదలయ్యే పేరు వంటకాన్ని చంపేస్తుందన్నది నేను పనిచేసిన ప్రతి చోటా చూశాను.

అందుకే పేరులో నాలుగు విషయాల్లో ఏవో రెండు ఉండేలా చూస్తాను: ఎలా వండారు, ఏ మసాలా, నోటికి ఎలా తగులుతుంది, ఎక్కడిది. "నిప్పులపై కాల్చిన", "కరకరలాడే", "నెమ్మదిగా ఉడికిన" వంటి మాటలు పని చేస్తాయి. "సుస్థిర", "నైతిక", "బాధ్యతాయుత" వంటివి పేరులోకి రానివ్వను. అవి నాలుకకు ఏమీ చెప్పవు.

రెండోది, శాకాహార వంటకాలనో పర్యావరణ హిత వంటకాలనో విడిగా ఒక గడిలో పెట్టకండి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఇదే పరీక్షించారు. శాకాహార వంటకాలను వేరే శీర్షిక కిందకు తీస్తే వాటిని ఎంచుకునే అవకాశం 56 శాతం పడిపోయింది. వేరే గడి కనబడగానే చాలామంది "ఇది నాకోసం కాదు" అని దాటిపోతారు. మిగతావాటి మధ్యలోనే పెట్టండి.

ఇక మీరు చేస్తున్న మంచి పని ఎక్కడ చెప్పాలి? వంటకం కింద చిన్న అక్షరాల్లో, ఒక్క వాక్యం, ఎవరైనా అడిగితే ఆ రోజే చూపించగలిగినది. "ఈ వారం టమాటాలు ఫలానా రైతు పొలం నుంచి" అంటే అది నిలబడే మాట. "ప్రకృతిని ప్రేమిస్తాం" అంటే ఎవరూ కాదనలేరు, ఎవరూ నమ్మరు కూడా.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. 2016లో అమెరికాలోని టాంపా బే టైమ్స్ పత్రిక, మెనూల్లో పొలాల పేర్లు రాసుకున్న రెస్టారెంట్లు నిజంగా అక్కడి నుంచే కొంటున్నాయా అని పొలాలకు, సరఫరాదారులకు ఫోన్లు చేసి ఆరా తీసింది. చాలాచోట్ల ఆ మాట నిజం కాదని తేలింది. కొన్ని పొలాలు వాళ్లకు సరుకు అమ్మడం ఎప్పుడో మానేశాయి, మెనూలో పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అన్నిసార్లూ దురుద్దేశమే ఉండనక్కరలేదు. మెనూ అచ్చు వేసేది ఎప్పుడో ఒకసారి, సరుకు మారేది వారం వారం. కాబట్టి రైతు పేరు అచ్చు మెనూలో వేయకండి. రోజూ తుడిచి రాసే పలక మీద తేదీతో రాయండి. ఆ రోజు సరుకు వేరే చోటి నుంచి వస్తే పేరు తుడిచేయండి. ఈ క్రమశిక్షణే మీ అసలైన బ్రాండు. లోగో దానికి సాటిరాదు.

అడిగినవారు

చాలా కృతజ్ఞతలండి. ఇంకో సందేహం. "దగ్గరి పొలాల నుంచి తెస్తాం కాబట్టి కర్బన ఉద్గారాలు తక్కువ" అని చెప్పవచ్చా? ఆకర్షణీయంగా ఉంటుందని మా భాగస్వామి అంటున్నారు.

జవాబు: మెనూలు రాసేవారు

చెప్పకండి. 2018లో "సైన్స్" అనే పరిశోధన పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారాన్ని పరిశీలించింది. దాని ప్రకారం ఆహారం వల్ల వచ్చే ఉద్గారాల్లో రవాణా వాటా చిన్నది. ఎంత దూరం నుంచి వచ్చిందన్నదానికన్నా ఏం తింటున్నామన్నదే లెక్కను ఎక్కువ మారుస్తుంది. పశుమాంసానికీ పప్పుధాన్యాలకీ మధ్య తేడా అంతటిది. దగ్గరి పొలం గురించి చెప్పాలంటే తాజాదనం చెప్పండి, రైతు చేతికి వెళ్లే డబ్బు గురించి చెప్పండి. రెండూ మీకు తెలిసిన నిజాలు.

కర్బన లెక్కే చెప్పాలనుకుంటే ప్రతి వంటకానికీ ఉద్గారాల లెక్క కట్టించాలి. స్వీడన్‌లోని మాక్స్ బర్గర్స్ అనే రెస్టారెంట్ల సంస్థ 2008లోనే మెనూలో ఆ అంకెలు పెట్టింది, ఎక్కువ ఉద్గారాలున్న తన సొంత మాంసపు బర్గర్లకు సైతం. మంచి అంకెలు మాత్రమే చూపిస్తే అది ప్రకటన. అన్నీ చూపిస్తేనే సమాచారం.

మీ ప్రశ్నలో లేనిది ఒకటి అడుగుతాను: పారేసే ఆహారం ఎంత? ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో 28 శాతం హోటళ్లు, రెస్టారెంట్లు, క్యాంటీన్ల వంటి చోట్ల నుంచి వచ్చింది. ఆహార వృథా తగ్గించడానికి పనిచేసే చాంపియన్స్ 12.3 కూటమి 2019లో 12 దేశాల్లోని 114 రెస్టారెంట్లను పరిశీలిస్తే, వృథా తగ్గించడానికి పెట్టిన ప్రతి డాలరుకూ సగటున ఏడు డాలర్లు మిగిలాయి, అదీ మూడేళ్లలో. రైతుకిచ్చే అదనపు ధర ఎలా రాబట్టాలన్నారు కదా, మొదట వెతకాల్సిన చోటు మీ చెత్తబుట్టే. రోజూ తూకం వేయండి. ఒకే వంటకాన్ని సగం, పూర్తి అని రెండు పరిమాణాల్లో ఇవ్వండి. తగ్గిన తూకాన్ని పలక మీద రాస్తే అంతకన్నా నిజాయతీ గల ప్రచారం నాకు తోచడం లేదు.

జవాబు: వడ్డన విభాగంలో పనిచేసేవారు

మెనూ గురించే అందరూ మాట్లాడుతున్నారు. అతిథి అడిగేది మమ్మల్ని. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అంటే లోపలికి వెళ్లి కనుక్కొస్తాననే మనిషిని చూసి బోర్డునూ నమ్మరు. పని మొదలయ్యే ముందు ఆ రోజు కొత్త సరుకు ఏమిటో చెప్పి, వంటకం ఒక ముద్ద రుచి చూపించండి. తిన్నవాడి మాటలో బలం ఉంటుంది. అతిథి అడగకుండా మాత్రం ఉపన్యాసం వద్దు.

అడిగినవారు

బోర్డు ఆలోచన మానుకున్నాం. ఆకు గుర్తూ లేదు. పలక కొంటున్నాం. విడి గడి తీసేయడానికి మాత్రం భాగస్వామి ఇంకా ఒప్పుకోలేదు, శాకాహారులు వెతుక్కోవడానికి ఇబ్బంది పడతారంటున్నారు.

జవాబు: మెనూలు రాసేవారు

వారి మాటలో న్యాయం ఉంది. గడి తీసేసి, ఆ వంటకాల పేర్ల చివర చిన్న అక్షరంతో గుర్తు పెట్టండి. వెతికేవారికి దొరుకుతుంది, మిగతావారిని తరిమేయదు. మార్చే ముందు కొన్ని వారాల అమ్మకాలు వంటకం వారీగా రాసి ఉంచుకోండి. పేర్లు, గడి, ధర ఒకేసారి మార్చవద్దు. అన్నీ కలిపి మారిస్తే అమ్మకం ఎందుకు పెరిగిందో మీ భాగస్వామికి చూపించలేరు.