పేగుపూత ఉంటే తేగలు, గోంగూర, కారం మానేయాల్సిందేనా?

లంకగ్రామం: పేగుపూతకి మా వైపు అందరిదీ ఒకటే మాటండి. ఆవకాయ, గోంగూర, తేగలు, పాలు బంద్, చారన్నమే గతి అని. తెలిసినవాళ్ళు చెప్పండి.

కౌశికతీరం: పేగుపూత అని రెండు జబ్బుల్నీ అంటారు, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్. ఏ జబ్బు, ఏ దశ అన్నది ముందు తేల్చుకోవాలండి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే ఉంటుంది, క్రోన్స్ నోటినుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. జబ్బు రేగినప్పుడు మెత్తటి అన్నం, పల్చటి పెసరకట్టు, తొక్కా గింజా తీసిన సొరకాయ, గుడ్డు, ముల్లు తీసిన చేప. అణిగాక ఒక్కో కూర రెండు చెంచాలతో మొదలెట్టి, మూడు రోజులు చూసి ఇంకోటి. ఒకేరోజు నాలుగు కలిపితే ఏది పడలేదో తెలీదు.

వశిష్ఠ: పీచంటే పుండుమీద చీపురుతో గీకడమే. ఈ జబ్బులో తేగలేంటండీ!

కౌశికతీరం: చీపురు పోలిక తప్పండి. కొంత పీచుని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడితే బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లం వస్తుంది. పేగు లోపొర కణాలకి అదే ముఖ్యమైన తిండి. అణిగిన కొలైటిస్‌లో పీచు మాన్పించక్కర్లేదు. అసలు భయం పేగు ఇరుకైన క్రోన్స్‌లో. ఉడికిన తేగని నిలువునా చీల్చండి, నమిలినా తెగని దారాలు వేలికి చుట్టుకుంటాయి. ఇరుకు దగ్గర అవే ముద్దకడతాయి. పనసపొట్టు, ములక్కాడ పిప్పి, కొబ్బరిముక్క కూడా అంతే.

వశిష్ఠ: అంటే తేగలు వద్దనేగా మీరూ అంటున్నది!

కౌశికతీరం: ఇరుకు ఉన్నవాళ్ళకి వద్దన్నాను.

గోదారిపిల్ల: పాలు, కారం సంగతీ చెప్పండి.

కౌశికతీరం: 250 మి.లీ. పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అది అరక్క కడుపుబ్బి, నీళ్ళ విరేచనమైతే పూత పెరిగినట్టు కాదు. పెరుగు చాలామందికి పడుతుంది. మిరపకాయ నొప్పి నరాలని రేపుతుంది, మంట నిజమే. మంట వేరు, పుండు వేరు.

వశిష్ఠ: ఇన్ని మెలికలెందుకండీ? పథ్యం గట్టిగా చేస్తే విరేచనాలు ఆగుతున్నాయి. ఆగాక మందులెందుకు? కౌలుకి చేసేవాడి డబ్బంతా మందుల షాపుకే పోతోంది!

కౌశికతీరం: ఇదన్నమాట అసలు గొడవ, తేగలు కాదు. ఖర్చు బాధ నిజం, కాదనను. కానీ విరేచనాలు ఆగడం, పూత మానడం ఒకటి కాదు. గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలు తగ్గిస్తే ఉబ్బరం తగ్గుతుంది, లోపలి వాపు అలాగే ఉండొచ్చు. మల పరీక్షలో పేగు వాపుని చూపించే కాల్‌ప్రొటెక్టిన్ గ్రాముకి 250 మైక్రోగ్రాములు దాటితే, కడుపు హాయిగా ఉన్నా పూత రగులుతోందని అనుమానించాలి. పూతని అణిచి ఉంచే మెసాలమైన్ మందు ఆపితే మళ్ళీ రేగే అవకాశం పెరుగుతుంది. స్టెరాయిడ్ అయితే ఉన్నపళంగా ఆపనే కూడదు.

వశిష్ఠ: క్రోన్స్ పిల్లలకి తిండితోనే తగ్గిస్తారంటగా?

కౌశికతీరం: తగ్గిస్తారండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పోషకద్రవం తప్ప అన్నం మెతుకు కూడా లేకుండా, డాక్టర్ చూపులో. దాంతోపాటే జబ్బు మళ్ళీ రేగకుండా నిలబెట్టే మందు మొదలెడతారు. చారన్నం అది కాదు. నెలల తరబడి చారన్నమే తింటే మాంసకృత్తులు చాలక మనిషి చిక్కిపోతాడు.

లంకగ్రామం: మావాళ్ళ ఎమ్మారై రిపోర్టులో చిన్నపేగు చివర ఇరుకు అని రాశారండి.

కౌశికతీరం: అయితే తేగ ముట్టనివ్వకండి. గోంగూర కాడలు తీసేసి, ఆకు మెత్తగా ఉడికించి రుబ్బి, ఒక చెంచా. పొట్ట మెలిపెట్టి, వాంతై, గాలి కూడా పోకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.