వైజాగ్ ఉప్పుగాలికి ఎలాంటి కెమెరా బ్యాగ్ తీసుకోవాలి?

నమస్తే అండీ. రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 1500డి కొన్నాను. 18-55, 55-250 లెన్సులు రెండూ ఉన్నాయి. ఇన్నాళ్లూ తువ్వాలులో చుట్టి కాలేజీ బ్యాగ్‌లో వేసుకుని తిరిగాను, నవ్వకండి.

మొన్న తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. కింద ఐస్ కరిగిన నీళ్లు, పొలుసులు, బ్యాగ్ దించడానికి జానెడు పొడి చోటు లేదు. ఒంటికాలి మీద నిలబడి, మోకాలి మీద బ్యాగ్ ఆనించుకుని లెన్స్ మార్చేలోపు వలలు దింపడం అయిపోయింది! అంతకుముందు ఆర్కే బీచ్‌లో ఇసుక పడి, ఇప్పటికీ జూమ్ రింగ్ తిప్పితే కరకరమంటోంది.

అందుకని స్లింగ్ బ్యాగ్ అనుకుంటున్నాను. దించకుండానే ముందుకు లాక్కుని తెరవొచ్చు కదా. కానీ బండి మీద భీమిలి దాకా వెళ్తే ఒకే భుజం లాగేస్తుందేమో? అరకు వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా కూడా పట్టాలి. అలాగైతే బ్యాక్‌ప్యాకే నయమా? జగదాంబ దగ్గర షాపాయన అన్నిటికంటే పెద్దదే చూపిస్తున్నాడు. నా బడ్జెట్ 2,000 దాటదు. రెయిన్ కవర్ మాత్రం ఉండాల్సిందే.

ఇంకో టెన్షన్, తేమకి లెన్సుల లోపల పట్టే ఫంగస్ (బూజు). బ్యాగ్ లోపలి స్పాంజి తేమ పట్టేస్తుందంటున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు కెమెరాని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెడితే చాలా? సముద్రం పక్కన ఉండేవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి ప్లీజ్.