వాదన అర్థమైనా మనసు ఒప్పుకోనప్పుడు ఏం చేయాలి?

అభిప్రాయం మార్చుకోవడంలో ఆలోచనకన్నా భావోద్వేగానిదే పైచేయి అవుతోందేమోనన్న అనుమానం నన్ను కొంతకాలంగా వెంటాడుతోంది. అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను. పాఠాన్ని పదేపదే చదివితేనే గుర్తుంటుందని ఏళ్ల తరబడి నమ్మిన నేను, పుస్తకం మూసి మనల్ని మనమే ప్రశ్నించుకోవడం మేలని మా తమ్ముడు చెప్పినప్పుడు, చెవులు వేడెక్కి, అతని మాట పూర్తికాకముందే ఎదురు జవాబు వెతుక్కోసాగాను. విచిత్రమేమిటంటే, అతను చూపిన ఆధారాల్లో ఒక్కటీ గుర్తులేదు గానీ, అతని పెదవి చివర మెరిసిన నవ్వు మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

నమ్మకానికి విరుద్ధమైన సమాచారం ఎదురైనప్పుడు కలిగే ఇబ్బందిని మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో సిద్ధాంతీకరించారని చదివాను. అలాగని ఉద్వేగాన్ని పక్కన పెట్టేయడమే మార్గమనీ అనుకోలేను: మెదడు ముందుభాగం దెబ్బతిని భావోద్వేగాలు మందగించిన రోగులు, తెలివితేటలు చెక్కుచెదరకపోయినా చిన్న చిన్న నిర్ణయాలకు సైతం తడబడటాన్ని నాడీ శాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో గమనించారు.

ఉక్రోషం పొంగిన ఆ క్షణంలో మీరేం చేస్తారు? మాటను అక్కడే ఆపేస్తారా, లేక అవతలివారి వాదనను రాసి పెట్టుకుని మర్నాడు తీరిగ్గా చదువుతారా? మనసు మార్చుకున్నాక ఓడిపోయానన్న చిన్నతనం కలగకుండా ఎలా చూసుకున్నారో, మీకు జరిగిన ఒక్క ఉదాహరణతోనైనా వివరించగలరని మనవి.