అప్‌డేట్: రెజిన్ బొమ్మ మీద ప్రైమర్ ఊడిపోవడం, కారణం దొరికింది

రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) బొమ్మకు ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే తొలి పూత) కొడితే మర్నాటికి గోరు తగిలినా పొరలా లేచిపోతోందని అడిగాను కదా, విషయం తేలింది. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

తప్పు ప్రైమర్‌ది కాదు, నాదే. అచ్చులోంచి బొమ్మ సులువుగా రావడానికి పూసే రిలీజ్ ఏజెంట్ జిడ్డు అలాగే ఉండిపోయింది. కుళాయి కింద ఒకసారి తడిపి 'కడిగేశాను' అనుకున్నాను మరి! ఈసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో అంగీ మడతల్లో, చంకల కింద, జుట్టు పాయల మధ్య తోమాను. జిడ్డు పోతే నీళ్లు ముత్యాల్లా నిలవవు, పల్చగా పరుచుకుంటాయని మీలో ఒకరు చెప్పారు. అచ్చం అలాగే జరిగింది. ఒక రోజంతా ఆరనిచ్చి ప్రైమర్ పల్చగా రెండు పూతలు కొట్టాను. టేపు అంటించి లాగినా ఊడలేదు.

గాలిలో తేమ, ప్రైమర్ స్ప్రే డబ్బా సరిగా ఊపకపోవడం కారణాలు కావు. అదే రోజు అదే డబ్బాతో కొట్టిన ప్లాస్టిక్ బొమ్మ శుభ్రంగా ఉంది. కొత్త ప్రైమర్ కొని డబ్బు దండగ చేశాను.

అచ్చు గీతలను (అచ్చు భాగాలు కలిసే చోట బొమ్మ మీద పడే సన్నని గీతలు) కడగకముందే కత్తి వెనక అంచుతో గీకేశాను. ఎమరీ పేపర్ మాత్రం తడిపి, మాస్క్ పెట్టుకునే రుద్దాను, రెజిన్ పొడి పీల్చకూడదు కాబట్టి. అయినా శిరస్త్రాణం మీద ఒక గీత మిగిలిపోయింది, ప్రైమర్ పడ్డాకే కనిపించింది. దాన్ని అలాగే వదిలేశాను.