ట్వైలైట్ ఇంపీరియంలో మూడో రౌండుకే చతికిలపడ్డాను. ఇక్కడి నుంచి కోలుకునే దారి ఉందా?

జోర్డ్ కాపలాదారు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మేము ఆరుగురం తెలుగు మిత్రులం. రెండు మూడు నెలలకొకసారి ఆదివారం పూట మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో ట్వైలైట్ ఇంపీరియం నాలుగో ఎడిషన్ ఆడుకుంటాము; ఒక్కొక్కరు ఒక జాతిని నడిపిస్తూ, ముందుగా పది పాయింట్లు చేరినవారు గెలిచే అంతరిక్ష బోర్డ్ గేమ్ ఇది. 2020లో వచ్చిన ప్రొఫెసీ ఆఫ్ కింగ్స్ అనే అదనపు పెట్టె మా దగ్గర లేదు, 2017 నాటి మొదటి పెట్టెతోనే ఆడుతున్నాము. మొన్న మూడో రౌండు చివర స్టేటస్ ఫేజ్‌లో పాయింట్లు రాసుకుని, ఐదో పబ్లిక్ (ఎవరైనా సాధించి పాయింటు పొందగల) ఆబ్జెక్టివ్‌ను తెరిచేసరికి రాత్రి పది దాటింది. మాలో ఒకరు ఎలక్ట్రానిక్ సిటీ దాకా వెళ్ళాలి కాబట్టి ఆటను అక్కడే ఆపి, బల్ల ఉన్న గదికి తాళం వేశాము. ఎత్తుగడలకు ఖర్చయ్యే కమాండ్ టోకెన్లను టాక్టిక్, ఫ్లీట్, స్ట్రాటజీ అనే మూడు పూల్‌లలోకి పంచుకోవడం, దాని వెనుక ఓట్లు వేసే ఎజెండా ఫేజ్ వచ్చే ఆదివారం జరుగుతాయి.

నాది ఫెడరేషన్ ఆఫ్ సోల్ జాతి. రెండో రౌండులో నా ప్రధాన దళాన్ని మధ్యలోని మెకటాల్ రెక్స్ గ్రహం వైపు పంపాను. అది కదలగానే ఎడమ పక్కనున్న లెట్నెవ్ జాతి ఆటగాడు నా గ్రహాలు రెండింటిని పట్టుకున్నాడు. వాటిని విడిపించుకోవాలని మూడో రౌండంతా పోరాడి రెండు క్రూయిజర్లను, ఒక క్యారియర్‌ను పోగొట్టుకున్నాను, గ్రహాలు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నాకు మిగిలినవి సొంత గ్రహం జోర్డ్, బయట రెండు గ్రహాలు (రెంటికీ కలిపి 3 రిసోర్సులు), ఒక క్యారియర్, నాలుగు ఫైటర్లు, ఒక డెస్ట్రాయర్, జోర్డ్ మీద నాలుగు ఇన్‌ఫంట్రీ. చేతిలో ఒక ట్రేడ్ గుడ్ (రిసోర్సు బదులు వాడుకునే సొమ్ము), ఎవరికీ ఇవ్వకుండా ఉండిపోయిన నాలుగు కమోడిటీలు ఉన్నాయి. యూనిట్ అప్‌గ్రేడ్లలో స్పెక్ ఆప్స్ 2 ఒక్కటే సాధించాను. ఫ్లీట్ పూల్‌లో నాలుగు టోకెన్లు ఉన్నాయి (ఒక సిస్టమ్‌లో ఎన్ని నౌకలు ఉంచవచ్చో దీన్ని బట్టే).

పాయింట్లు ఇలా ఉన్నాయి: మెకటాల్ రెక్స్‌ను పట్టుకుని కూర్చున్న హకాన్‌కు 6, లెట్నెవ్‌కు 4, నా కుడి పక్కనున్న జోల్-నార్‌కు 3, మిగతా ఇద్దరికి 4, 3, నాకు 2. తెరిచిన ఆబ్జెక్టివ్‌లు ఐదు: 8 రిసోర్సులు ఖర్చు చేయడం, 5 ట్రేడ్ గూడ్స్ ఖర్చు చేయడం, సొంత సిస్టమ్ బయట 6 గ్రహాలు కలిగి ఉండడం, టాక్టిక్ లేదా స్ట్రాటజీ పూల్ నుంచి 3 టోకెన్లు ఖర్చు చేయడం, రెండు యూనిట్ అప్‌గ్రేడ్లు కలిగి ఉండడం. వీటిలో టోకెన్లది ఒక్కటే నేను సాధించాను, నా రెండో పాయింటు నాకొక్కడికే తెలిసిన సీక్రెట్ ఆబ్జెక్టివ్‌ది. రౌండు మొదట్లో ఒక్కొక్కరు ఒక స్ట్రాటజీ కార్డు (టెక్నాలజీ, ట్రేడ్, ఇంపీరియల్ వంటివి) ఎంచుకునే వరుసలో నేను మూడోవాడిని, హకాన్ ఐదోవాడు.

మధ్యలో లేచిపోతే మిగిలిన ఐదుగురి ఆట పాడవుతుంది, అందుకు నా మనసు ఒప్పుకోదు. అలాగని ఇంకో నాలుగైదు గంటలు ప్రేక్షకుడిలా కూర్చోవడమూ ఇష్టం లేదు. ఉన్న రిసోర్సులన్నీ నౌకల మీద పెట్టి ఆ రెండు గ్రహాలను విడిపించుకోవడమే మొదటి పని అనుకుంటున్నాను. ఇది సరైన ఆలోచనేనా?

కగ్గదాసపుర వాసి

సరైన ఆలోచన కాదని నా నమ్మకం. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత ఈ ఆటలో చాలామందిని ముంచింది, మొదట్లో నన్నూ రెండుసార్లు ముంచింది. మీరు పోగొట్టుకున్నవి గ్రహాలు. ఆట లెక్కపెట్టేది పాయింట్లను. ఆ రెండు గ్రహాలు తిరిగి వచ్చినా బయట మీకు నాలుగే అవుతాయి, అడిగినవి ఆరు, అంటే అంత పోరాటం తరువాత కూడా ఒక్క పాయింటు రాదు. లెట్నెవ్‌కు ఒక్కో సిస్టమ్‌లో ఫ్లీట్ పూల్ కంటే రెండు నౌకలు ఎక్కువ ఉంచుకునే వరం ఉంది, రెండు ట్రేడ్ గూడ్స్ ఇస్తే పాచికలు మళ్ళీ వేసుకోగలడు. అటువంటివాడితో బీదస్థితిలో యుద్ధానికి దిగడం మంచిది కాదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నవాటినే ఇంకోసారి చూడండి. కమోడిటీలు మన దగ్గర ఉన్నంతకాలం ఎందుకూ కొరగావు, ఎదుటివారి చేతికి వెళ్ళినప్పుడే ట్రేడ్ గూడ్స్ అవుతాయి. జోల్-నార్ కమోడిటీ విలువ కూడా నాలుగే. ఆయన దగ్గర నాలుగూ నిండుగా ఉంటే నాలుగుకు నాలుగు మార్చుకోండి, ఇద్దరికీ నాలుగేసి ట్రేడ్ గూడ్స్ వస్తాయి, ఎవరికీ నష్టం ఉండదు. మీ దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది కనుక మొత్తం 5 అవుతాయి. ఒక ఆబ్జెక్టివ్ అప్పుడే చేతికి అందినట్లు.

రెండోది యూనిట్ అప్‌గ్రేడ్. సోల్ మొదటి నుంచీ న్యూరల్ మోటివేటర్, యాంటీమాస్ డిఫ్లెక్టర్స్‌తో మొదలవుతుంది, అంటే ఒక ఆకుపచ్చ, ఒక నీలం రంగు టెక్నాలజీ మీకు ముందే ఉన్నాయి. ఫైటర్ 2 అడిగేది సరిగ్గా ఆ రెండే. టెక్నాలజీ కార్డు ఎవరు ఆడినా, మీరు ఒక స్ట్రాటజీ టోకెన్, నాలుగు రిసోర్సులు పెట్టి దాన్ని సాధించవచ్చు, జోర్డ్ ఒక్కదాని విలువే నాలుగు. ఒక్క నౌక కూడా కట్టకుండా రెండు ఆబ్జెక్టివ్‌లు మీ అందుబాటులోకి వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. స్టేటస్ ఫేజ్‌లో ఒకరు ఒక పబ్లిక్, ఒక సీక్రెట్ మాత్రమే సాధించగలరు. రెండింటినీ ఒకే రౌండులో రాసుకోవాలంటే ఇంపీరియల్ కార్డు మీ చేతిలో ఉండాలి. దాన్ని ఆడినప్పుడు ఒక పబ్లిక్ ఆబ్జెక్టివ్‌ను అప్పటికప్పుడే రాసుకోవచ్చు, మెకటాల్ రెక్స్ మీది కాదు కనుక ఒక సీక్రెట్ కార్డు కూడా తీసుకుంటారు. రెండింటిలో ఏది ముందు కుదిరితే దాన్ని ఇంపీరియల్‌తోనూ, మిగిలినదాన్ని స్టేటస్ ఫేజ్‌లోనూ రాసుకోండి. ఆ ఐదు ట్రేడ్ గూడ్స్ చేతిలో ఉండగా ఒక డ్రెడ్‌నాట్ కట్టాలన్న ఆశ తప్పకుండా పుడుతుంది. డ్రెడ్‌నాట్ ధర నాలుగు, అది కట్టిన క్షణాన ఒక పాయింటు చేజారినట్లే. ఈ ఆటలో వెనుకబడినవారు మళ్ళీ మళ్ళీ చేసే పొరపాటు ఇదే కాబట్టి నొక్కి చెబుతున్నాను.

టోకెన్ల విషయం. మీరు ఆట ఆపిన చోటు మీకు కలిసివచ్చింది, ఎందుకంటే పంపకం ఇంకా జరగలేదు. అందరికీ రెండు వస్తే సోల్‌కు మూడు వస్తాయి. ఫ్లీట్ పూల్‌లో నాలుగు టోకెన్లు మీకు ఇప్పుడు అక్కరలేదు. క్యారియర్, డెస్ట్రాయర్ కలిసి ఒకేచోట ఉన్నా రెండు చాలు, ఫైటర్లు క్యారియర్‌లో ఇమిడిపోతాయి. మిగిలిన రెండింటినీ స్ట్రాటజీ పూల్‌లోకి మార్చుకోండి. టెక్నాలజీకి ఒకటి, కమోడిటీలు మళ్ళీ నింపుకోవడానికి ట్రేడ్ కార్డు మీద ఒకటి, ఒక టోకెన్‌తో గ్రహం మీద రెండు ఇన్‌ఫంట్రీని దించే ఆర్బిటల్ డ్రాప్‌కు ఒకటి రెండు కావలసి వస్తాయి.

ఆర్బిటల్ డ్రాప్‌ను జోర్డ్ కోసమే దాచుకోండి. సొంత సిస్టమ్‌లోని గ్రహాలన్నీ మన అధీనంలో లేకపోతే ఏ పబ్లిక్ ఆబ్జెక్టివ్‌నూ రాసుకోలేము. మీకు ఉన్నది జోర్డ్ ఒక్కటే. బయటి రెండు గ్రహాలు పోయినా తట్టుకోవచ్చు కానీ జోర్డ్ పోతే ఈ లెక్కంతా వృథా.

కె.ఆర్. పురం రీడర్

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక్క లెక్క చేర్చుతున్నాను. హకాన్‌కు ఇప్పుడు 6. ఆయనే ఇంపీరియల్ తీసుకుంటే మెకటాల్ రెక్స్ వల్ల 7, ఆ కార్డుతోనే ఒక పబ్లిక్ రాసుకుంటే 8, స్టేటస్ ఫేజ్‌లో ఇంకొక పబ్లిక్, ఒక సీక్రెట్ కుదిరితే 10. అంటే వచ్చే ఆదివారం మొదటి రౌండులోనే ఆట ముగిసిపోవచ్చు. ఈ సంగతిని ఎజెండా ఫేజ్‌లోనే బల్ల చుట్టూ ఉన్న అందరికీ వివరంగా చెప్పండి. మీకు 2 పాయింట్లే ఉన్నాయి కనుక ఆ కార్డు మీ దగ్గరికి వెళ్తే ఎవరికీ భయం ఉండదు, హకాన్‌కు వెళ్ళకుండానూ ఉంటుంది. అట్టడుగున ఉండడం వల్ల కలిగే మేలు ఇదొక్కటే, దీన్ని పూర్తిగా వాడుకోండి.

వేళచ్చేరి తెలుగమ్మాయి (చెన్నై)

సపోర్ట్ ఫర్ ద త్రోన్ అనే హామీ నోటు గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ నోటును ఇంకొకరికి ఇస్తే వారికి ఒక పాయింటు వస్తుంది. వారు మీ యూనిట్లు ఉన్న సిస్టమ్‌ను యాక్టివేట్ చేస్తే (అక్కడ ఏదైనా చేయడానికి టోకెన్ పెడితే) ఆ పాయింటు పోయి, నోటు మీ దగ్గరికి తిరిగి వస్తుంది. ఇద్దరు పరస్పరం మార్చుకుంటే ఇద్దరికీ ఒక్కో పాయింటు, దానితో పాటు సరిహద్దులో శాంతి. ఎజెండా ఫేజ్‌లో పొరుగువారు కాకపోయినా ప్రతి ఆటగాడితో ఒక లావాదేవీ జరపవచ్చు కనుక సమయం కూడా సరిగ్గా అదే.

చాలామంది ఈ నోటును తమను కొట్టినవారితోనే మార్చుకోమంటారు. నేను మాత్రం లెట్నెవ్‌కు ఇవ్వవద్దంటాను. గ్రహాలు తీసుకున్నందుకు బహుమతిగా ఒక పాయింటు కూడా ఇస్తే ఆయన 5కు చేరి రెండో స్థానంలో స్థిరపడతారు, ఆ పైన మీరు ఎప్పుడైనా ఆ గ్రహాల వైపు కదలాలంటే మీ పాయింటును మీరే వదులుకోవలసి వస్తుంది. జోల్-నార్‌తో మార్చుకోండి. కమోడిటీల మార్పిడి, ఈ నోట్ల మార్పిడి ఒకే లావాదేవీలో పూర్తవుతాయి. లెట్నెవ్‌తో సీజ్‌ఫైర్ నోట్లు (దాడిని ఆపేవి) మార్చుకుంటే సరిపోతుంది.

కగ్గదాసపుర వాసి

ఇక్కడ నా అభిప్రాయం వేరు. సీజ్‌ఫైర్ ఒక్కసారి అడ్డుకుంటుంది, వాడిన వెంటనే ఇచ్చినవారి దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. లెట్నెవ్ ఒక టోకెన్ వృథా చేసి, మరో దిక్కు నుంచి మళ్ళీ రాగలడు. సపోర్ట్ నోటైతే అది చేతిలో ఉన్నంతకాలం అతని చేతులు కట్టేస్తుంది. జోల్-నార్ ఎలాగూ మీ మీదికి వచ్చే మనిషి కాదు, అక్కడ శాంతిని కొనుక్కోవలసిన అవసరం లేదు. అయినా లెట్నెవ్‌కు పాయింటు ఇచ్చే ప్రమాదం గురించి వేళచ్చేరి వారు చెప్పింది కొట్టిపారేయదగినది కాదు. మీ బల్ల దగ్గర మనుషులు ఎలాంటివారో మీకే తెలుసు. లెట్నెవ్ ఆటగాడు మాట మీద నిలబడే మనిషైతే సీజ్‌ఫైర్ చాలు.

ఓట్ల గురించి కూడా ఒక మాట. ఎజెండాలో ఓటు కోసం బోర్లించిన గ్రహాల కార్డులు ఆ ఫేజ్ చివర మళ్ళీ తెరుచుకుంటాయి, కాబట్టి తరువాతి రౌండు కోసం ఓట్లను దాచుకోవడం వల్ల లాభం లేదు. ఎవరికైనా మీ ఓటు నిజంగా కావలసి వస్తే ఒక ట్రేడ్ గుడ్‌ను ముందుగా చేతిలో పెట్టించుకుని వేయండి. తరువాత ఇస్తామన్న మాటకు నియమాల ప్రకారం కట్టుబాటు లేదు.

జోర్డ్ కాపలాదారు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆట ముగిసింది, జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

ఎజెండా ఫేజ్‌లో జోల్-నార్‌తో కమోడిటీలు, సపోర్ట్ నోట్లు రెండూ మార్చుకున్నాను. ఆయన మొదట నాలుగుకు మూడే ఇస్తానన్నారు, సపోర్ట్ మాట ఎత్తిన తరువాత నాలుగుకు ఒప్పుకున్నారు. కె.ఆర్. పురం వారు వేసిన లెక్కను బల్ల మీద కాగితం పెట్టి అందరికీ చూపించాను. హకాన్ ఆటగాడు నవ్వి ఊరుకున్నాడు కానీ కాదనలేదు. నాకంటే ముందున్న ఇద్దరూ లీడర్‌షిప్, టెక్నాలజీ తీసుకుని ఇంపీరియల్‌ను నాకు వదిలారు. లెట్నెవ్‌తో సీజ్‌ఫైరే మార్చుకున్నాను. కగ్గదాసపుర వారు హెచ్చరించినట్లే అతను నాలుగో రౌండులో ఒకసారి వచ్చి ఆగి, మరోసారి వేరే సిస్టమ్‌లోకి వచ్చి బయటి గ్రహం ఒకటి పట్టుకున్నాడు. నేను కదలలేదు. ఆర్బిటల్ డ్రాప్ రెండుసార్లు వాడి జోర్డ్ మీద ఎనిమిది ఇన్‌ఫంట్రీని నిలబెట్టాను, అక్కడికి రావడానికి అతను సాహసించలేదు.

ఫైటర్ 2 సాధించి దాన్ని ఇంపీరియల్‌తోనూ, ట్రేడ్ గూడ్స్ ఆబ్జెక్టివ్‌ను స్టేటస్ ఫేజ్‌లోనూ రాసుకున్నాను. సపోర్ట్‌తో కలిపి నాలుగో రౌండు చివర నాకు 5. ఐదో రౌండులో ట్రేడ్ కార్డు మీద కమోడిటీలు నింపుకుని, మళ్ళీ జోల్-నార్‌తోనే మార్చుకుని, జోర్డ్‌తో కలిపి 8 రిసోర్సుల ఆబ్జెక్టివ్ పూర్తి చేశాను. ఇంపీరియల్ తెచ్చిన సీక్రెట్ కార్డు కూడా కుదిరింది. 7 పాయింట్లు.

గెలిచింది హకానే. నాలుగో రౌండు చివర తెరిచిన, రెండు పాయింట్లు ఇచ్చే మొదటి ఆబ్జెక్టివ్ 10 ట్రేడ్ గూడ్స్ ఖర్చు చేయడం. అప్పటికి ఆయనకు 8. హకాన్ కమోడిటీ విలువ ఆరు, పైగా పొరుగువారు కాకపోయినా ఎవరితోనైనా వ్యాపారం చేయగలడు. ఆయనతో ఎవరూ మార్పిడి చేయవద్దని ఐదో రౌండు మొదట్లోనే అందరినీ అడిగాను, అందరూ తలలూపారు. రౌండు మధ్యలో లెట్నెవ్‌కు రెండు ట్రేడ్ గూడ్స్ కావలసి వచ్చాయి, ఆ వెనుక ఇంకొకరికి నాలుగు. ఆ రెండు మార్పిడులతో హకాన్ దగ్గర పది నిండాయి.